పేరులో ‘ఏఐ’ లేకపోతే ప్రాజెక్టుకు డబ్బు రాదా?

ప్రశ్న (హనుమకొండ):
మిర్చిలో నల్ల తామర పురుగు ఉధృతిని ముందే అంచనా వేసే ప్రాజెక్టు ఇది. నర్సంపేట, పర్వతగిరి పొలాల్లో వారం వారం పూలు దులిపి పురుగులు లెక్కపెట్టుడే అసలు పని. అందరూ పేరులో ఏఐ పెట్టమంటున్నరు. ఏఐ లాంటి మాటలకు ఇంత బలం ఎక్కడిది? పెడితే నష్టమా?

జవాబు 1:
బలం బడ్జెట్ పద్దుది. మాట ‘మిషన్’ అయిందంటే దానికి వేరే పద్దు, గడువు, లక్ష్యాలు పుడతాయి. 2007లో నానో మిషన్‌కు ఐదేళ్లకు 1,000 కోట్లు, 2018లో సైబర్-ఫిజికల్ (యంత్రాలను సెన్సర్లు, కంప్యూటర్లతో కలిపే) మిషన్‌కు 3,660 కోట్లు, 2024లో ఇండియాఏఐ మిషన్‌కు 10,371.92 కోట్లు. ఈ చివరిదాంట్లో అన్నిటికన్నా పెద్ద వాటా జీపీయూలకే (ఏఐ లెక్కలు చేసే కంప్యూటర్ చిప్‌లు) పోతుంది, పొలంలో లెక్కలు తీసేవాళ్లకు కాదు. పేరు మార్చే ముందు ఆ పద్దు కింద దేనికి ఖర్చు పెట్టనిస్తారో చదవండి.

ప్రకటన వేరు, మంజూరు వేరు. క్వాంటమ్ (అణుస్థాయి ధర్మాలతో పనిచేసే కంప్యూటర్లలాంటివి) మిషన్‌కు 2020 బడ్జెట్లో ఐదేళ్లకు 8,000 కోట్లన్నారు. కేబినెట్ ఆమోదం 2023 ఏప్రిల్‌లో వచ్చింది, 2031 దాకా 6,003.65 కోట్లతో. బడ్జెట్ ప్రసంగం విని మనుషుల్ని తీసుకుంటే జీతాల దగ్గర ఇరుక్కుంటారు.

జవాబు 2:
నష్టం ఉంది సార్. పేరులో ఏఐ ఉంటే దరఖాస్తు కంప్యూటర్ వాళ్ల చేతికి పోవచ్చు. వాళ్లు అడిగేది మోడల్ (డేటా చూసి అంచనా వేసే ప్రోగ్రామ్) కచ్చితత్వం. ఒకే మొక్క ఫొటోలు మోడల్‌కు నేర్పే శిక్షణలోనూ, దాన్ని సరిచూసే పరీక్షలోనూ పడితే కచ్చితత్వం 95 శాతం తేలిగ్గా వస్తుంది, కొత్త మండలంలో కుప్పకూలుతుంది. కాబట్టి పరీక్షకు ఒక మండలం, ఒక సీజన్ మొత్తం పక్కన పెడతామని దరఖాస్తులోనే రాయండి. ఇంకోటి, ఈ పురుగు ఎక్కువగా పూలలోనే దాక్కుంటుంది. ఆకుల ఫొటోలతో పని కాదు. పూల లెక్క, నీలి రంగు జిగురు అట్టల లెక్క, వాన, ఉష్ణోగ్రత, ఏ హైబ్రిడ్, ఏ తేదీన ఏ మందు కొట్టారు, ఇవన్నీ ఒకే పట్టికలో ఉండాలె.

జవాబు 3:
పై మాటతో సగమే ఒప్పుకుంటా. ఏఐ అనే మాట లేకుంటే నిధులిచ్చే సంస్థల కొన్ని ప్రకటనలకు దరఖాస్తే పెట్టలేం. పెట్టండి, కానీ శీర్షికలో పురుగు పేరు ముందు, ఏఐ తర్వాత. లెక్కలు తీసే ఫీల్డ్ అసిస్టెంట్ల జీతం, ప్రయాణం ‘డేటా సేకరణ, లేబులింగ్ (ప్రతి నమూనాకూ వివరం గుర్తించడం)’ కింద స్పష్టంగా చూపండి. ‘ఇతర ఖర్చులు’ అని రాస్తే మొదటి కోత దానికే. సర్వర్ కొనకండి, అద్దెకు తీసుకోండి. మూడేళ్లకు ప్రాజెక్టు ముగిశాక దాని మరమ్మతుకు పద్దు ఉండదు.