400 గజాలు దాటితే ప్రెయిరీ డాగ్‌ను (అమెరికా మేతభూముల్లో బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువు) కాల్చడానికి ఏ తూటా మేలు: తేలికదా, బరువుదా?

గాలివాటం: .22-250 రకం రైఫిల్‌లో 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) తూటానే ఎందుకు పట్టుకు వేలాడతారో నాకు అంతుపట్టదు. సెకనుకు 3,600 అడుగుల వేగంతో బయలుదేరుతుంది, నిజమే. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఉంటే 400 గజాల దగ్గర అడుగుకు పైగా పక్కకు పోతుంది. ఆ జంతువు ఒళ్లేమో నాలుగైదు అంగుళాల వెడల్పు! 6 మిల్లీమీటర్ల రైఫిల్‌లో పొడవాటి 105 గ్రెయిన్ల తూటా వాడి చూడండి, గాలికి చాలా తక్కువ జరుగుతుంది.

మేతభూమి: ఆ బరువు తూటా రాయికి తగిలి ఎగిరితే ఎక్కడ ఆగుతుంది? పలుచని తొడుగున్న తేలిక తూటా నేల తాకగానే ముక్కలవుతుంది.

పాతబ్యారెల్: .22-250 పాత బ్యారెళ్లలో మర (తూటాను గిరగిరా తిప్పే లోపలి మెలిక గాళ్లు) 14 అంగుళాలకు ఒక చుట్టు. పొడవాటి తూటా అందులో నిలకడగా పోదు.

గాలివాటం: నేను చెప్పింది 6 మిల్లీమీటర్ల రైఫిల్ గురించి. ముందు చదవండి.

మేతభూమి: పోయిన వేసవిలో ఒకాయన ఇలాంటి బరువు తూటాతోనే వచ్చి పశువుల నీళ్ల తొట్టికి చిల్లు పెట్టాడు. ఆ రాంచ్ (పశువుల క్షేత్రం) గేటు మా అందరికీ మూసేశారు. మీకేం, మాటలు చెబుతారు!

గాలివాటం: లక్ష్యం వెనుక ఏముందో చూడనిది ఆయన. తూటాను తిట్టి ఏం లాభం? గాలిని చదవడం రావాలి. స్పాటింగ్ స్కోప్‌ను (లక్ష్యాన్ని చూసే దూరదర్శినిని) లక్ష్యానికి కాస్త ఇవతల ఫోకస్ చేస్తే ఎండమావి అలలు ఎటు పారుతున్నాయో కనిపిస్తుంది. నిలువుగా ఉడుకుతున్నట్టుంటే అడ్డగాలి లేనట్టే. ఇదంతా పట్టుబడాలనే 600 గజాల నుంచి కాలుస్తాను. మొదటిది తప్పితే దుమ్ము లేచిన చోటు చూసి రెండోది సరిచేసుకుంటాను.

గద్దకన్ను: చచ్చినవాటిలోని సీసం ముక్కలు గద్దల కడుపులోకి పోతాయి. రాగి తూటాల ఊసు ఎవరూ ఎత్తరేం?

మేతభూమి: గాలివాటం గారూ, ఇప్పుడు తెలిసింది మీతో నాకున్న పేచీ. మీ అభ్యాసానికి ప్రాణిని వాడుతున్నారు. మొదటి తూటా నడుముకు తగిలితే అది కాళ్లీడ్చుకుంటూ బొరియలోకి పోతుంది, మీ రెండో తూటాకు దొరకదు. అభ్యాసానికి ఇనుప పలక లేదా?

గాలివాటం: గుంపును తగ్గించమని రైతే పిలిచాడు. జింక్ ఫాస్ఫైడ్ విషం కలిపిన ఓట్స్ గింజలు చల్లడం కంటే ఇది నయం.

మేతభూమి: పిలిచింది చంపమని, కుంటివాటిని చేయమని కాదు. 600 దగ్గర మొదటి తూటాకే పడుతున్నాయా?

గాలివాటం: తెల్లవారుజామున గాలి లేనప్పుడు తరచుగా పడతాయి. మధ్యాహ్నం కష్టం.

మేతభూమి: మరి మధ్యాహ్నం ఎందుకు కాలుస్తున్నారు?