అసిడ్యుయస్‌కి సరైన తెలుగు మాట ఏది?

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. బ్యాంకు పరీక్షకు చదువుతున్న మా అమ్మాయి నిన్న రాత్రి ఇంగ్లీషు పదాల లిస్టులో అసిడ్యుయస్ కింద పెన్సిల్‌తో గీత గీసి, "నాన్నా, కష్టపడే అనేగా?" అంది. డిక్షనరీ తీస్తే, లాటిన్‌లో 'పక్కన కూర్చోవడం' అనే మాట నుంచి పుట్టిందట. పన్ను, విలువ లెక్కగట్టే మనిషిని అనే అసెసర్ మాట కూడా అక్కడిదే. మా అమ్మ రోజూ అరిచే "కుదురుగా కూర్చుని చదవరా" గుర్తొచ్చి నవ్వొచ్చింది.

'శ్రద్ధగల' అని రాసుకుంది గానీ, పట్టిన పని దగ్గర్నుంచి లేవని గుణం అందులో రాలేదనిపిస్తోంది. అదే లిస్టులో దాదాపు అదే అర్థమున్న సెడ్యులస్ కూడా ఉంది. చూడ్డానికి చుట్టంలా ఉన్నా, దాని మూలం 'కపటం లేకుండా' అనే లాటిన్ మాటలట!

ఈ రెండింటికీ వేర్వేరు తెలుగు మాటలు చెప్పగలరా? చిన్న వాక్యంతో చెబితే మరీ మేలు. ఎల్లుండే పరీక్ష, దానికంటే నాకే టెన్షన్.