రోడ్డు మీద దెబ్బ తిన్న నల్ల కాకటూ దొరికింది, ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటాం. ఈ మధ్యాహ్నం నార్తం వైపు నుంచి తిరిగి వస్తుంటే మా ముందున్న కారు ఒక పెద్ద నల్లపక్షిని గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. కాకి అనుకున్నాం. దగ్గరికి వెళ్తే చిలుక ముక్కు, తోకలో తెల్లటి పట్టీ. ఒక రెక్క వేలాడుతోంది. మా ఆయన తువ్వాలు కప్పి ఎత్తి అట్టపెట్టెలో పెట్టారు. పిల్లలు నానబెట్టిన శనగలు వేశారు, ముట్టలేదు. నోట్లో చుక్క నీళ్లు పోయమంటారా? నయమయ్యేదాకా మేమే చూసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, నీళ్లు పోయకండి. దెబ్బతో నీరసించిన పక్షికి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. శనగలు కూడా తీసేయండి. పెట్టెకు గాలి ఆడేలా రంధ్రాలు పెట్టి, మూత వేసి, చీకటి గదిలో ఉంచండి. టీవీ కట్టేయండి, పిల్లలను తొంగి చూడనివ్వకండి. మనం ముద్దుగా చూసినా దానికి మాత్రం చంపడానికి వచ్చినట్టే ఉంటుంది. పెట్టెలో చేయి పెట్టకండి. రాయిలాంటి కాయలను చీల్చే ముక్కు అది.

వెంటనే దెబ్బతిన్న అడవి జీవుల కోసం ఉన్న వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లే చెప్తారు. మీకు దొరికింది నల్ల కాకటూ, చిలుకల్లో పెద్ద రకం. అడవి నల్ల కాకటూలకు పెర్త్ జూ డాక్టర్లు వైద్యం చేస్తారు. తర్వాత కోలుకోవడానికి మార్టిన్‌లో కారాకిన్ అనే నల్ల కాకటూల సంరక్షణ కేంద్రం ఉంది. ఇంట్లో ఉంచుకునే ఆలోచన వద్దు. మన దగ్గర రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 చట్టం కింద ఎలా తప్పో, ఇక్కడ లైసెన్సు లేకుండా దీన్ని పెంచడం కూడా అంతే. పైగా విరిగిన రెక్క ఇంట్లో నయం కాదు.

ఇంకో మాట. కంటి చుట్టూ గులాబీ రంగు ఉందా, బూడిద రంగా?

ప్రశ్న అడిగినావిడ: ఫోన్ చేశాం, ఇప్పుడే బయలుదేరుతున్నాం. తువ్వాలు కప్పేటప్పుడు గులాబీ రంగు కనిపించిందని మా ఆయన అంటున్నారు. ముక్కు కూడా నల్లగానే ఉంది. ఎందుకు అడిగారు?

జవాబు: అయితే మగపక్షి. ఆడదానికి ముక్కు తెల్లగా, కంటి చుట్టూ బూడిద రంగు ఉంటుంది. తెల్ల తోక, పొట్టి వెడల్పు ముక్కు అయితే కార్నబీ కాకటూ. ముక్కు పై భాగం సన్నగా పొడుగ్గా ఉంటే బోడిన్ కాకటూ. రెండూ ఆస్ట్రేలియా నైరుతి మూలలో తప్ప ఎక్కడా లేవు, రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్నవే.

ఇది గుడ్లు పెట్టే కాలం, అందుకే అడిగాను. వాండూ లాంటి పాత చెట్ల తొర్రల్లో ఆడది గుడ్లు పొదుగుతూ కూర్చుంటుంది, మేత తెచ్చి పెట్టేది మగదే. రెండు గుడ్లు పెట్టినా సాధారణంగా ఒక్క పిల్లే బతుకుతుంది. కాబట్టి దొరికిన చోటు సరిగ్గా చెప్పండి. ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టి ఆ లొకేషన్ ఇవ్వండి. కోలుకుంటే తన గుంపు తిరిగే ప్రాంతంలోనే వదలాలన్నా అదే ఆధారం. దారిలో కారులో పాటలు పెట్టకండి.

మరొకరు: అన్నా, ఇవి రోడ్ల మీదకు ఎందుకు వస్తాయి?

జవాబు: లారీల నుంచి రాలిన గింజల కోసం, గుంటల్లో నిలిచిన నీళ్ల కోసం. గోధుమ పొలాల కోసం అడవి కొట్టేశారు, పెర్త్ చుట్టూ ఇళ్ల కోసం వీటికి మేతనిచ్చే బాంక్సియా చెట్లు పోయాయి. బరువైన పక్షి, చటుక్కున లేవలేదు. రోడ్డు పక్కన గుంపు వాలి ఉంటే బండి నెమ్మది చేయండి, ఒకటి ఎగిరితే వెనకే ఇంకోటి లేస్తుంది. తొర్ర పడేంత చెట్టు కావాలంటే వందేళ్లకు పైనే పడుతుంది. దొరికిన తొర్రల్లోనూ తేనెటీగలు, గలా చిలుకలు ముందే చేరిపోతాయి. అందుకే గొట్టాలతో చేసిన గూళ్లను చెట్లకు కడుతున్నారు. వాటిలో పిల్లలు ఎదిగి ఎగిరిపోతున్నాయి కూడా.

ప్రశ్న అడిగినావిడ: అప్పగించి వచ్చాం. రెక్క ఎక్స్‌రే తీస్తామన్నారు. మ్యాప్ గుర్తు వాళ్లకు పంపించాం. మా పెరట్లో కొంచెం ఖాళీ ఉంది, వాటి కోసం ఏమైనా వేయొచ్చా?

జవాబు: మంచి పని చేశారక్కా. బాంక్సియా, హేకియా మొక్కలు వేయండి, వాటి గింజలు ఇవి తింటాయి. ఇసుక నేలే ఆ మొక్కలకు ఇష్టం, మామూలు ఎరువు వేయకండి, ఫాస్ఫరస్ ఎక్కువైతే బాంక్సియా చచ్చిపోతుంది. పిల్లులకు అందని ఎత్తులో వెడల్పాటి నీళ్ల గిన్నె పెట్టి రోజూ కడగండి. గింజలు మాత్రం చల్లకండి.