చర్చ: పెన్షనొచ్చాక కడప ఇల్లు అమ్మి కోనసీమలో స్థిరపడొచ్చా?

ఎర్రముక్కపల్లె (కడప)

బ్యాంకు ఉద్యోగం అయిపోయింది. పిల్లలిద్దరూ బెంగళూరులో. పోయిన సంక్రాంతికి నేనూ మా ఇంటామె తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి పోయి, అక్కడ కారు మాట్లాడుకొని కోనసీమ తిరిగినాం. ఆత్రేయపురం, ర్యాలి, అయినవిల్లి, మురమళ్ల, యానాం, ఇంగ ఇటుపక్క దిండి, అంతర్వేది. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసినాం. అంతెత్తు ప్రభల్ని భుజాన మోసుకొని పచ్చటి వరిచేలల్లో పడి, కౌశికలో దిగి దాటుకొస్తాంటే నోరు తెరుచుకొని నిలబడిపోయినా. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం దాటినాం, కారుతో సహా.

కడప ఇల్లు అమ్మేసి అక్కడ కొబ్బరితోటలో చిన్న ఇల్లు కొందామని నా పట్టు. మా ఆమె వద్దంటాంది. ముందు అండమాన్ కూడా అనుకున్నా గానీ, ఓడో విమానమో తప్ప దోవ లేదని మానుకున్నా. కోనసీమ చుట్టూ కూడా నీళ్లే. గౌతమి ఒకపక్క, వశిష్ఠ ఒకపక్క, నడుమ వైనతేయ, కింద సముద్రం. అయితే వంతెనలున్నాయి గదా. మొహమాటం లేకుండా చెప్పండి.

కువైట్ వాపసు (కడప)

పో అన్నా, ఆలోచన పెట్టుకోవద్దు. కువైట్‌లో మన కడపోళ్లు ఎంతమందో రాజోలు, మలికిపురం వాళ్లూ అంతమంది. నా రూంలో ఉన్నోళ్లు ఆ పక్కోళ్లే. తిరిగొచ్చినాక వాళ్ల ఊర్లకు పోయినా. పెద్దపెద్ద మేడలు, గేటుకు తాళాలు. పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో. ఇల్లు చూసుకుంటే చాలు, అద్దె తర్వాత మాట్లాడుకుందాం అనే మనుషులు. ఏప్రిల్లో మనకు 44 డిగ్రీలు కొట్టేటప్పుడు అక్కడ చెట్ల నీడ దాటకుండా ఊరు తిరిగిరావచ్చు.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం)

సార్, మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే దండం పెట్టుకుంటాం. అక్కడ దానికి రెట్టింపు కురుస్తాది. నీళ్లు చూసి మీకు ఆశ పుట్టడం నాకు అర్థమయితాది, నాకూ పుట్టింది. కానీ ఒక సంగతి. 2011లో ఆ కోనసీమ రైతులే పంట విరామం అని వరి నాటకుండా చేతులు కట్టుకున్నారు. నీళ్లు లేక కాదు. మురుగు డ్రైన్లు పూడిపోయి నీళ్లు బయటికి పోక, పైగా ధర రాక. మేం వాన కోసం ఏడిస్తే వాళ్లు వాన పోలేదని ఏడుస్తారు. చూసొచ్చేటోనికి అది పచ్చదనం, అంతే.

కువైట్ వాపసు (కడప)

ఆయన వ్యవసాయం చేయబోయేది లేదు కదప్పా. పెన్షను నెలనెలా వస్తాది. డ్రైను పూడితే ఆయనకేం?

అమలాపురం ఆడపడుచు (అనంతపురం)

డ్రైను పూడితే ఆయన వాకిట్లోకే వస్తుందండి నీరు. అదీ సంగతి.

నేను అమలాపురం పిల్లని, అనంతపురం కోడల్ని. రెండు నేలలూ తెలుసు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

సంక్రాంతికి వచ్చినవాళ్లందరూ మా ఊరికి పడిపోతారండి. ఆ నెలలో మా ఊరు పెళ్లికూతురు. ఇల్లు కొనాలనుకున్నవాళ్లు చూడాల్సింది జనవరిని కాదు, ఆగస్టునీ నవంబరునీ. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర లెక్క చెబుతారు. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986 వరద ఇంకా పెద్దదని మా నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. అయితే ఈ అంకెలన్నీ ఒక్క ప్రశ్న ముందు దిగదుడుపే: మీరు కొనే ఇల్లు ఏటిగట్టుకు ఇవతలా, అవతలా? గట్టు లోపల, ఏటివైపు ఉన్న లంకలు చూడ్డానికి చాలా బాగుంటాయి. స్థలమూ చవగ్గా చెబుతారు. వరదొస్తే ముందు కాజ్‌వే మునుగుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక వాళ్లు ఏటా పడవల్లో తిరగడం పేపర్లో చూస్తూనే ఉంటారు కదా. గట్టుకు బయట, ఊరి మెరకమీద ఉన్నవాళ్లు అదే వరదని గట్టెక్కి చూసొచ్చి భోజనం చేస్తారు. బ్రోకరు ఈ తేడా తనంతట తాను చెప్పడండి.

తుపాను లెక్క వేరు. 1996 నవంబరు 6 రాత్రి నేను చిన్నపిల్లని. కాట్రేనికోన, ఐ.పోలవరం పక్క వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు ఎన్ని కూలాయంటే, మళ్లీ తోటలు కాపుకొచ్చేసరికి మా వీధిలో ఆడపిల్లలందరికీ పెళ్లిళ్లయిపోయాయి. ఇప్పుడు హెచ్చరికలు ముందే వస్తున్నాయి, ప్రాణనష్టం అప్పటిలా లేదు. కానీ అరవై దాటినవాళ్లు ఉన్నపళంగా మందుల సంచీ పట్టుకుని స్కూలు భవనానికి వెళ్లాలంటే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

గ్యాసు సంగతి కూడా ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం అనే మా పక్క ఊళ్లో గ్యాసు పైపులైను పేలి జనం చనిపోయారు. ఇల్లు చూసేటప్పుడు పైపు ఎటు పోతుందో అడగడం మాకు మామూలే.

కొబ్బరితోట మోజు మాత్రం వదిలేయండి. చెట్టెక్కి కాయల దింపు తీసే మనుషులు దొరకడం లేదు, దొరికినా పిలిచిన రోజున రారు. తెల్లదోమ వచ్చి ఆకులన్నీ నల్లబడ్డాయి. శంకరగుప్తం డ్రైను పక్కనైతే సముద్రం పోటుకి ఉప్పునీరు ఎగదన్ని నిలువునా మోడులైపోయాయి. రొయ్యల చెరువుల పక్క ఊళ్లలో బోరు నీళ్లు కూడా ఉప్పే. ఇంటికి ముందు బోరు వేయించి రుచి చూసి, అప్పుడు అడ్వాన్సివ్వండి.

ఇంత చెప్పి కూడా రావద్దని అనను. నాకు అనంతపురంలో ఇన్నేళ్లయినా గోదారి నీళ్ల బియ్యం మీదే మనసు. మా వాళ్లు మర్యాదస్తులండి, ఆయ్ అంటూ ఇంట్లోకి పిలిచి కాఫీ ఇవ్వకుండా పంపరు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అమ్మా, మీరు చెప్పింది నిజమే గానీ నీళ్ల భయం ఒక్క కోనసీమదే అన్నట్టు ఉంది. 2009 అక్టోబరులో మా కర్నూలు పాతబస్తీలో మిద్దెలెక్కి కూర్చున్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోనే ఊర్లు కొట్టుకుపోలేదా? సీమలో పుట్టినోడు నీళ్లలో పోడని ఎవరు రాసిచ్చినారు? మా దగ్గర హెచ్చరిక కూడా వాళ్లకు వచ్చినట్టు రాదు.

నా అభ్యంతరం వేరే. సార్, మీ ఇంట్లో ఒక చావయితే (మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి అంటున్నా) పాడె పట్టేదానికి ఎవరొస్తారు? మీ అన్నదమ్ములు కడపలో రైలెక్కి రాజమండ్రిలో దిగి, ఇంగ బస్సెక్కి వచ్చేసరికి కార్యక్రమం అయిపోయుంటాది. అమలాపురానికి రైలు ఇప్పటికీ లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఎప్పటినుంచి జరుగుతాన్నాయో అందరికీ తెలుసు.

కువైట్ వాపసు (కడప)

పిల్లలు బెంగళూరులో ఉంటే కడపలో మాత్రం పాడె పట్టేది ఎవరన్నా? చుట్టాలు మాట వరసకు ఉండారు. మా నాయనకు గుండెనొప్పి వస్తే తిరుపతికి తీసకపోయింది ఆటో డ్రైవరు, మా పెదనాయన కొడుకు కాదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

ఆ ఆటో డ్రైవరు మీ నాయనకు తెలిసినోడా కాదా? అదే నేను చెప్పేది. ముప్పై ఏళ్లు ఒక వీధిలో ఉంటే వచ్చే పరిచయం అది. డబ్బుతో కొనేది కాదు.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం)

ఆసుపత్రి మాట ఎవరూ సరిగ్గా అడగలేదు. అక్కడ ఏముంది?

అమలాపురం ఆడపడుచు (అనంతపురం)

అమలాపురంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉందండి. చిన్నాచితకా అక్కడే అయిపోతాయి. పెద్దదైతే కాకినాడో రాజమండ్రో. మీకు పుట్టపర్తి, బెంగళూరు ఎలాగో మాకు అవి అలాగ. పగలు ఇబ్బంది లేదు. రాత్రి వరద హెచ్చరిక ఉన్నప్పుడు అంబులెన్సు ఏ దారిన వస్తుందన్నదే ప్రశ్న.

ఎర్రముక్కపల్లె (కడప)

నేను ఆయన భార్యను. ఆయన స్నానానికి పోయినాడు, ఫోను ఇక్కడ పెట్టి. అంతా చదివినా.

నేను నీళ్లకు భయపడేదాన్ని కాదు. ప్రభల తీర్థం నాకూ నచ్చింది, ఆ పడవలో దిండి దగ్గర కూర్చున్న సాయంత్రం నాకూ నచ్చింది. కానీ అక్కడికి పోతే ఈయన పొద్దున లేచి గట్టుమీద తిరిగి, గుళ్లు తిరిగి, పది మందితో మాట్లాడి వస్తాడు. ఆయన ఎక్కడున్నా మనుషుల్ని చేసుకుంటాడు. నేను వంటింట్లో ఉంటా. ఇక్కడైతే గోడకు అవతల నుంచి పలకరిస్తారు, ఒంట్లో బాగలేకుంటే సంగటి గిన్నె గోడమీద పెడతారు. అది ఆయన లెక్కలోకే రాలేదు. ఎవరూ రాయలేదు కూడా, ఆ అమలాపురం చెల్లెలు తప్ప, ఆమెది కూడా సగమే.

ఇంకో మాట. ఈ ఇల్లు నా పేరుమీద ఉంది. ఆ సంగతి ఆయన మీకు చెప్పినట్టు లేదు.

కువైట్ వాపసు (కడప)

వదినా, అయితే ఈ చర్చ ఎప్పుడో అయిపోయినట్టే.

అమలాపురం ఆడపడుచు (అనంతపురం)

లేదండి, ఇప్పుడే మొదలైంది. అక్కయ్యగారూ, ఇల్లు అమ్మకండి. తాళం వేసి రండి. ఆగస్టు నుంచి నవంబరు చివరిదాకా అద్దెకుండండి. అంబాజీపేట పక్క చూసుకోండి, గట్టుకు దూరం, ఊరు పెద్దది, సంతా బస్సులూ ఉంటాయి. కింద వాటా వద్దు, మేడమీదది అడగండి. తాళం వేసిన ఇల్లు ఒంటరిగా తీసుకోవద్దు, ఇంటివాళ్లు కింద ఉండేదే చూడండి. మీకు కావలసిన గోడ అదే. మా పిన్నిగారు అక్కడే ఉంటారు, కనుక్కుంటాను. నవంబరు దాటాక కూడా మీకు నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

దీనికి నాకు అభ్యంతరం లేదు. అయితే సార్ ఒప్పుకుంటాడా? ఆయన మనసు కొబ్బరితోట మీద ఉంది.

ఎర్రముక్కపల్లె (కడప)

స్నానం చేసి వచ్చేలోపల ఇంత జరిగిందా! సరే, అద్దెకే. కానీ నాలుగు నెలల తర్వాత నాకు నచ్చి ఆమెకు నచ్చకపోతే?

అమలాపురం ఆడపడుచు (అనంతపురం)

అప్పుడు ఏటా వచ్చి నాలుగు నెలలు ఉండి వెళ్లండి సార్. ఆగస్టులో వస్తే ఎర్రనీళ్లకి ఎదురీదే పులస కూడా దొరుకుతుంది.

ఎర్రముక్కపల్లె (కడప)

మళ్లీ నేనే, ఆయన భార్యను. చెల్లెలా, పుస్తెలమ్మయినా పులస తినాలని మీ పక్క సామెత ఉందంట కదా, అది మాత్రం ఈయనకు చెప్పొద్దు. ఇల్లమ్మేదానికే వెనకాడని మనిషి. మీ పిన్నిగారిని ఇల్లు చూడమని చెప్పు, అద్దె ఎంతో నాకే ఫోన్ చేసి చెప్పమను.