వైన్ గురించి చెప్పేటప్పుడు "వగరు" అనొచ్చా?

అందరికీ నమస్తే. ఒక సందేహం, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. ఈ మధ్య పోర్చుగల్లో బైరాడా అనే ప్రాంతానికి వెళ్లాం, కోయింబ్రాకి, అవైరోకి మధ్యలో, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ పెద్ద కంపెనీలే కాదు, ఇంటి పక్కన షెడ్డులో సొంతంగా వైన్ చేసుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి, ముందే మెసేజ్ పెట్టి వెళ్తే వాళ్లే తోట చూపించి గ్లాసులో పోసిస్తారు. అక్కడి నాటు నల్లద్రాక్ష పేరు "బాగా". అవును, తెలుగులో రాస్తే అంతే, మా ఆయన "బాగా బాగుంది" అని ఆ రోజంతా వదల్లేదు.

పళ్లు చిన్నవి, ఆలస్యంగా పండుతాయి, ఈలోపు సముద్రం మీద నుంచి వాన వస్తే పంట పోయినట్టే, అందుకని సెప్టెంబరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడమేనట. కొత్త వైన్ ఒక గుటక వేశానో లేదో చిగుళ్లు బిగుసుకుపోయి నాలుక అంగిలికి పట్టేసింది. టక్కున నా నోట్లోంచి వచ్చిన మాట "వగరు". మా ఆయనేమో వగరంటే తప్పు పట్టినట్టు కదా అన్నారు. కానీ వాళ్ల లెక్కలో ఆ గుణం లేకపోతే వైన్ ఏళ్లకేళ్లు నిలవదు, అదే ద్రాక్షతో చేసిన పాత సీసా తెరిచి చూపించారు కూడా, వగరంతా మెత్తబడిపోయి నోట్లో ఎంత హాయిగా ఉందో. ఇంతకీ నా ప్రశ్న, టానిన్ (నోరు ఇలా పట్టేసేలా చేసే పదార్థం) ఎక్కువగా ఉంది అనడానికి వగరు సరిపోతుందా? మెచ్చుకోలుగా వాడొచ్చా?

జవాబు: సరిపోతుంది అక్కా, అంతకన్నా మంచి మాట లేదు. నేరేడు పండు, జామపిందె, అరటికాయ, కరక్కాయ అన్నీ వగరే, అన్నిట్లోనూ ఉన్నది ఆ టానిన్లే. అవి లాలాజలంలో ప్రొటీన్లకి అంటుకుంటాయి, నోట్లో జారుడు పోయి గరుకుగా తగులుతుంది. అందుకే వైన్ వాళ్లు దీన్ని రుచి అనరు, స్పర్శ అంటారు. మనం మాత్రం ఆరు రుచుల్లో ఒకటి చేసి ఉగాది పచ్చట్లో కూర్చోబెట్టాం. ఏది రైటో తెలీదుగానీ పచ్చట్లో వగరు లేకపోతే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు, కాబట్టి మెచ్చుకోలుగా వాడొచ్చు.

జవాబు: మా అనంతపురం వైపు ఒగరు అంటామండీ. కన్నడంలోనూ ఒగరే. పరిగెత్తి వగర్చడానికీ దీనికీ సంబంధం లేదు, అది రొప్పడం, ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్తున్నా 😄

జవాబు: మేడమ్, వగరు మీకు నిజంగా కావాలంటే లిస్బన్‌కి వాయవ్యంగా సింత్రా దగ్గర కొలారెష్ ఉంది, అక్కడి రమీష్కు ద్రాక్ష తాగాల్సింది. బీచ్ పక్కన ఇసుకలో పెంచుతారు. 19వ శతాబ్దంలో ద్రాక్ష వేళ్లని తినే ఫిలాక్సెరా పురుగు వచ్చి యూరప్ తోటలన్నీ తుడిచిపెట్టినప్పుడు ఇసుకలో అది బతకలేక ఈ తీగలు మిగిలాయి, అందుకే ఇప్పటికీ ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే ఉంటాయి. వేరు కింద బంకమట్టికి అందేలా నాటడానికి ఇసుకలో లోతుగా గోతులు తవ్వేవాళ్లు, ఇసుక మీద పడితే ఊపిరాడాలని కూలీలు తలకి బుట్టలు బోర్లించుకునేవాళ్లట. ఇప్పుడు ఊళ్లు పెరిగి తోటలు చాలా తగ్గిపోయాయి, అందుకే సీసా ధర కూడా ఎక్కువే.

జవాబు: వగరు సరే, పులుపు సంగతేంటి? పోర్చుగల్ వాళ్లదే అయిన మదైరా దీవిలో సెర్సియాల్ అనే తెల్లద్రాక్షకి మెయిన్‌ల్యాండ్‌లో పేరు ఎష్గానా కావ్, అంటే కుక్క గొంతు నులిమేది! అంత పులుపన్నమాట. మనమైతే పళ్లు పులిశాయి అని ఊరుకుంటాం, కుక్కని మధ్యలోకి లాగం. బికాల్ అనే ఇంకో తెల్లదాన్ని దావ్ ప్రాంతంలో ఈగ రెట్ట అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, తొక్క మీద మచ్చలు అలా ఉంటాయట. పోర్చుగల్లో 250కి పైగా నాటు ద్రాక్ష రకాలున్నాయి, పైగా ఊరు మారితే పేరు మారుతుంది, బైరాడాలో మారియా గోమెష్ అన్నదే కింద తేజు నది దగ్గర ఫెర్నావ్ పీరెష్. మన బంగినపల్లి హైదరాబాద్ వచ్చి బేనిషాన్ అయినట్టు.

జవాబు: మాస్టారూ, ఇంకో మాట కలుపుతా. పీపా మనకి పోర్చుగీసు నుంచే వచ్చింది, వాళ్లది పీప. పోర్చుగల్ ఉత్తరాన దోరు నది లోయలో ద్రాక్ష పంటని ఇప్పటికీ పీపల్లోనే లెక్కేస్తారు, ఒక పీప 550 లీటర్లు. పాతరోజుల్లో వాటిని పడవల్లో వేసుకుని నది మీద పోర్టో నగరానికి ఎదురుగా ఉన్న విలా నోవా ద గాయా దాకా తెచ్చేవాళ్లు. మనం మాత్రం తారు పీపా అని రోడ్డు పక్కన వదిలేశాం.

(పోస్టు పెట్టినావిడ): అందరికీ థాంక్స్, పీపా సంగతి నాకు అసలు తెలీదు. అయితే నా నోట్స్‌లో "బాగా వైన్, వగరుదనం ఎక్కువ, పదేళ్లు ఆగి తాగాలి" అని రాసుకోవచ్చా? వగరుదనమా, వగరుతనమా?

జవాబు: "బాగా వగరు" అని రాయమ్మా, దనం తనం ఎందుకు. కాకపోతే రేపు చదువుకున్నప్పుడు అది ద్రాక్ష పేరో, మామూలు బాగానో నీకే అర్థం కాదు 😄