ఆర్‌వీ-9ఏ విమానంలో చప్పుడు తట్టుకోలేకపోతున్నాం: ఫోమ్ వేయాలా, హెడ్‌సెట్ కొనాలా?

డల్లాస్_ఆర్‌వీ9:
అందరికీ నమస్తే. గరాజ్‌లో కట్టుకున్న ఆర్‌వీ-9ఏ మాది, రెండు సీట్ల చిన్న విమానం. లైకమింగ్ ఓ-320 ఇంజిన్, బ్లేడ్ల కోణం మారని (ఫిక్స్‌డ్ పిచ్) ప్రాప్, జరిపి తెరిచే క్యానపీ (సీట్ల పైన ఉండే పారదర్శకపు కప్పు). చక్కగా ఎగురుతోంది గానీ చప్పుడే భరించలేకపోతున్నాం. గంటన్నర తిరిగి దిగితే రాత్రి దాకా చెవుల్లో హోరు, మా ఆవిడకి తలనొప్పి, ఏటీసీ (నేల మీది ట్రాఫిక్ కంట్రోల్) రేడియోలో చెప్పింది మళ్లీ అడగాల్సి వస్తోంది. మామూలు హెడ్‌సెట్లే వాడుతున్నాం. క్రూజ్‌లో ఫోన్ యాప్ 97 డెసిబెల్స్ దాకా చూపించింది. ముందు నేలకి, పక్కలకి ఫోమ్ వేయమంటారా, ఏఎన్‌ఆర్ హెడ్‌సెట్ (ఎదురు శబ్దం పుట్టించి చప్పుడు తగ్గించేది) కొనమంటారా?

వింగ్_రిబ్:
తమ్ముడూ, ముందు హెడ్‌సెట్. నియోష్ (పనిచోట ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ) లెక్కలో 85 డెసిబెల్స్‌కి 8 గంటలు, ఆపైన ప్రతి 3కీ ఆ టైము సగం, అంటే 97 దగ్గర ఏమీ పెట్టుకోని చెవులకి అరగంటే. హెడ్‌సెట్ ఉండి కూడా రాత్రి దాకా హోరు వస్తోందంటే అది చాలట్లేదు. పోయిన వినికిడి తిరిగి రాదు. 2400 ఆర్‌పీఎమ్‌లో ప్రాప్ సెకనుకి 40 చుట్లు, రెండు బ్లేడ్లు కాబట్టి 80 దెబ్బలు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకి రెండుసార్లు ఫైర్ అవుతుంది కాబట్టి అదీ 80. ఆ 80 హెర్ట్జ్ బొంగురు మోతని పల్చటి ఫోమ్ ఆపలేదు, ఏఎన్‌ఆర్ బాగా కొట్టేసేది దాన్నే. యాప్ ఏ-వెయిటింగ్‌లో (బొంగురు శబ్దాన్ని తగ్గించి లెక్కేసే సెట్టింగ్) ఉంటే ఆ మోత తక్కువగా కనపడుతుంది, సీ-వెయిటింగ్‌కి మార్చి చూడు. 1986లో వోయేజర్‌లో ఆగకుండా భూమి చుట్టొచ్చిన డిక్ రూటన్, జీనా యేగర్ వాడినవి బోస్ వాళ్ల ఏఎన్‌ఆర్ నమూనాలే, అదీ సొంతంగా కట్టుకున్న విమానమే. కొనేదాకా హెడ్‌సెట్ కింద ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని ఇంటర్‌కమ్ వాల్యూమ్ పెంచుకో, మాట ఇప్పటికంటే తేటగా వినపడుతుంది.

రివెట్_గన్:
అన్న చెప్పింది ఇంజిన్ మోత సంగతి. గాలి ఈల మీద ఏఎన్‌ఆర్ అంతగా పనిచెయ్యదు, సందులు మూయాల్సిందే. క్రూజ్‌లో పక్కసీట్లో ఉన్నవాళ్లు (నడిపేవాళ్లు కాదు) టిష్యూ ముక్క పట్టుకుని క్యానపీ అంచు వెంబడి, ఫ్లాప్ రాడ్లు (రెక్కల వెనక పలకల్ని కదిపే కడ్డీలు) దూరే కన్నాల దగ్గర మెల్లగా జరుపుతూ పోతే ఎక్కడ రెపరెపలాడుతుందో అక్కడే సందు. మా దాంట్లో క్యానపీ వెనక స్కర్ట్ (కింది అంచు రేకు) దగ్గర వేలు పెడితే గాలి సూదిలా గుచ్చుకునేది, మెత్తటి రబ్బరు సీల్ అంటించాక ఆ ఈల పోయింది. ఫోమ్ వేస్తానంటే ముందు చిన్న ముక్క ఆరుబయట కాల్చి చూడండి, మంట తీసేసినా మండుతుంటే ఆ సరుకు వద్దు. నీళ్లు పీల్చేదీ వద్దు, కింద అల్యూమినియం తుప్పు పడుతుంది.

స్కైలేడీ:
కళ్లజోడు కాడలు లావుగా ఉన్నాయా? ఇయర్‌కప్ పైకి లేచి చప్పుడంతా ఆ సందులోంచే వస్తుంది. సీల్స్ గట్టిపడినా అంతే, కొత్తవి వేస్తే పాత హెడ్‌సెట్టే నయమనిపిస్తుంది. మైక్ పెదవికి దాదాపు ఆనేలా పెట్టుకోండి.

డల్లాస్_ఆర్‌వీ9:
మా ఆవిడది లావు కాడల జోడే! థాంక్స్ అండీ. ఏఎన్‌ఆర్ ఇప్పటికి ఒక్కటే కొనగలను, ఎవరికి పెట్టమంటారు? తలనొప్పి తనకే కదా.

వింగ్_రిబ్:
రేడియో వినాల్సింది నువ్వు, కాబట్టి నీకే. ఆవిడకి ప్లగ్స్, పైన కొత్త సీల్స్‌తో పాత హెడ్‌సెట్. కానీ ఆ తలనొప్పి చప్పుడు వల్లేనని అనుకోకు, ఎగ్జాస్ట్ లీకై ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ) కన్నాల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తున్నా తలనొప్పే వస్తుంది. డిటెక్టర్ పెట్టకుండా ఆవిడని మళ్లీ ఎక్కించకు, నువ్వూ ఎక్కకు. కౌల్ (ఇంజిన్ మూత) విప్పి ఎగ్జాస్ట్ చూసి, ఆ కన్నాలు ఫైర్‌ప్రూఫ్ సీలెంట్‌తో మూసేసెయ్.