స్కాంపర్ వేస్తే 47 ఐడియాలు వచ్చాయి, ఒక్కటీ అమ్ముడుపోయేలా లేదు

డొక్కలబండి:
అందరికీ నమస్కారమండి. అంబాజీపేట దగ్గర మాది చిన్న కొబ్బరి పీచు యూనిట్. తాళ్లు, డోర్ మ్యాట్లు, అంతే. మ్యాట్ల రేటు మూడేళ్లుగా కిందికే పోతోంది, కొత్త సరుకు ఏదో ఒకటి చేయాలి. మా మేనల్లుడు ఏదో వీడియో చూసి స్కాంపర్ అన్నాడు. మార్చు, కలుపు, వేరే వాడకం వెతుకు, తీసేయ్, తిప్పేయ్ ఇలా ఏడు ప్రశ్నలు, ఆ పేరులో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒకటి. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చుని 47 రాశాం. అందులో పీచు టోపీ కూడా ఉంది, ఏం చెప్పను. నా ప్రశ్నలు మూడు: ఏ పద్ధతి వల్ల మీకు నిజంగా సరుకు పుట్టింది? 47లో పనికొచ్చేది ఏరడం ఎలా? కొత్తదానికి ధర ఎలా కడతారు?

రొయ్యలచెరువు:
స్కాంపర్ పిల్లల ఆట. ట్రిజ్ చదవండి, చిక్కుముళ్లు విప్పి కొత్తవి కనిపెట్టే పద్ధతి. ఆల్ట్‌షుల్లర్ అని సోవియట్ నేవీలో పేటెంట్లు చూసే ఆయన 1946లో మొదలుపెట్టాడు, మధ్యలో స్టాలిన్ జైల్లో కూడా పెట్టాడు, అయినా వదల్లేదు. వేల పేటెంట్లు తిరగేసి 40 సూత్రాలు తీశారు. అసలు కిటుకు ఏమిటంటే ముందు మీ సమస్యలో పీకులాట ఎక్కడుందో రాయాలి. నా చెరువులో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆపితే రొయ్యలు తేలతాయి, ఆపకపోతే కరెంటు బిల్లు తేలుతుంది. 19వ సూత్రం, విడతలుగా పని చేయించు. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా, మీటరుతో కొలిచి, పగలు కొన్ని ఆపి, ఆ వేళకి అన్నీ తిప్పుతున్నా. మీ పీకులాట ఏమిటో చెప్పండి ముందు.

రేకులక్క:
మాది ఆత్రేయపురం, పూతరేకులు చేస్తాం. మాకు స్కాంపరూ లేదు, ట్రిజ్జూ లేదు. కొనేవాడు "బెల్లం వద్దు, పిల్లలకి చాక్లెట్ పెట్టండి" అన్నాడు, పెట్టాం, అమ్ముడుపోయింది. అంతే.

శిక్షకుడు_18ఏళ్లు:
అక్కా, మీకు తెలియకుండా చేసింది స్కాంపరే! బెల్లం తీసి చాక్లెట్ పెట్టడం అంటే మొదటి అక్షరం, మార్చు. నేను 18 ఏళ్లుగా కంపెనీలకు ఇదే నేర్పుతున్నాను. స్కాంపర్ కనిపెట్టిన ఆస్‌బర్న్, అమెరికా ప్రకటనల కంపెనీ ఆయన, చెప్పింది కూడా ఇదే, తప్పొప్పులు చూడకుండా వదిలెయ్యాలి. మీరు ఆ ఊపులోనే కుండ బదులు స్టీలు పెట్టి చూస్తే ఉత్పత్తి మూడింతలవుతుంది.

రేకులక్క:
స్టీలా! మీరెప్పుడైనా రేకు తీశారా అండి? నున్నటి మట్టికుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, కళ్లు మూసి తెరిచేలోపు అంచు దానంతటదే కాగితంలా లేస్తుంది. అప్పుడు తీయాలి. మా తోడికోడలు అల్యూమినియం డేగిసా బోర్లించి చూసింది, రేకు అంటుకుపోయింది, చాకుతో గీకాం. 2023లో మా పూతరేకులకి జీఐ, అంటే ఊరి పేరు మీద గుర్తింపు, వచ్చింది, స్టీలు రేకులని పేరు పెట్టుకోండి మీరు.

శిక్షకుడు_18ఏళ్లు:
చూశారా, ఇదే మన సమస్య. ఐడియా చెప్పగానే కొట్టిపారేస్తారు. అల్యూమినియం వేరు, స్టీలు వేరు.

రొయ్యలచెరువు:
రెండూ లోహమే కదా గురూ గారూ. అన్నట్టు కుండ బోర్లించడమే ట్రిజ్ 13వ సూత్రం, తలకిందులు చెయ్. మన వాళ్లు ఎప్పుడో చేసేశారు.

గమనికలోడు:
చిన్న దిద్దుబాటు. ఆస్‌బర్న్ 1953లో ఇచ్చింది ప్రశ్నల జాబితా. దాన్ని ఏడక్షరాలుగా పేర్చి స్కాంపర్ చేసింది బాబ్ ఎబర్లే, 1971లో. 18 ఏళ్లు నేర్పినాయన ఇది తెలుసుకోవాలి.

శిక్షకుడు_18ఏళ్లు:
మూలం ఆస్‌బర్న్‌దే అన్నాను. వికీ చూసి పంతులైపోతే ఎలా? ఫీల్డులో ఎన్ని ఉత్పత్తులు తెచ్చారు తమరు?

గమనికలోడు:
సున్నా. తప్పు మాత్రం తప్పే.

లేసుపని:
మీరు కొట్టుకోవడం ఆపితే ఒక మాట. మాది నర్సాపురం వైపు, ఆరుగురం ఆడవాళ్లం క్రోషే చేస్తాం. కలిసి కూర్చుని మాట్లాడితే మా పెద్దమ్మ ఒక్కతే మాట్లాడేది, మిగతావాళ్లం "ఆయ్, అవునండి" అనడమే. 1958లో యేల్‌లో పరీక్షించి చూస్తే నలుగురు కలిసి కూర్చున్నప్పటికన్నా విడివిడిగా ఆలోచించినవి కలిపితేనే ఎక్కువ వచ్చాయట, మాకు ఇంట్లోనే తెలిసింది. తర్వాత 6-3-5 పెట్టాం. ఆరుగురు, ఒక్కొక్కరు మూడేసి ఐడియాలు, ఐదు నిమిషాలు, కాగితం పక్కవాళ్లకి. ఆరు చుట్లకి అరగంటలో 108. మా చిన్న కోడలు ఎప్పుడూ నోరు విప్పదు, ఆ పిల్ల రాసిందే ఇప్పుడు మా ఆర్డర్లలో సగం: లేసు మొత్తం టేబుల్ క్లాత్ కాదు, చొక్కా కాలర్ ఒక్కటే విడిగా. పెద్దమ్మ నెల రోజులు అలిగింది, అది వేరే కథ.

కడియం_మొక్క:
డొక్కలబండి గారూ, టోపీలు తర్వాత. పీచు తీశాక పొట్టు ఏం చేస్తున్నారు?

డొక్కలబండి:
గుట్ట పడి ఉందండి, వానకి కుళ్లుతోంది. ఎవరైనా తోలుకుపోతే చాలు.

కడియం_మొక్క:
అదే మేం డబ్బిచ్చి కొనేది! నర్సరీలో మొక్కలు నాటడానికి, కోకోపీట్ అంటాం. కానీ మీ వైపు నుంచి ఒకాయన కడగకుండా పంపాడు, ఉప్పు. నాటిన వారానికి ఆకు అంచులు మాడిపోయాయి, రెండు బెడ్లు పోయాయి, ఇప్పటికీ కడుపు మంట. మంచినీళ్లతో కడిగి, ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ మీటరు పెట్టి చూసి, వీలైతే కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టి మళ్లీ కడిగితే మొక్క నిలుస్తుంది.

రొయ్యలచెరువు:
22వ సూత్రం! చెరుపునే మేలుగా మార్చు.

రేకులక్క:
మీకు ప్రతిదానికీ ఓ నంబరు.

తాపేశ్వరం_కాజా:
అసలు చాక్లెట్ పూతరేకులు కొనేవాళ్లని అనాలి. మా కాజాలో కూడా ఎవడో పిస్తా క్రీమ్ పెట్టమన్నాడు. మడతలు మడతలుగా పాకం పట్టాల్సినదాంట్లో క్రీమేంటండి?

రేకులక్క:
మీది మడత కాజా, కాకినాడ గొట్టం కాజాలో అయితే క్రీమ్ పట్టొచ్చేమో.

తాపేశ్వరం_కాజా:
అక్కా, ఆ పేరు ఇక్కడ ఎత్తకండి.

డొక్కలబండి:
కడియం అన్నా, ఒక బస్తా కడిగి పంపిస్తా, మీటరు పెట్టి చెప్పండి. బోరు నీళ్లు మా వైపు కొంచెం ఉప్పే, కాలవ నీళ్లు వాడతా. లేసుపని అక్కా, ఈ ఆదివారం కాగితాలు తిప్పుతాం, మా బావని ఒక మూల కూర్చోబెట్టి.

కూజాలబాబాయ్:
ఆ పీచు టోపీ నవ్వులాటకి రాశావేమో గానీ, తిరగేస్తే కుండ కింద చుట్టకుదురే కదరా అబ్బాయ్. గడ్డివి రెండు నెలలకి కుళ్లిపోతున్నాయి, వేసవి ముందు నాకు ముప్పై కావాలి.

డొక్కలబండి:
బాబాయ్, అది మా జాబితాలో 31వది! "తిప్పేయ్" కింద మేనల్లుడు రాస్తే అందరం నవ్వాం. మనం నీళ్లలో ఊరేసిన పీచు, తడికి త్వరగా పాడవదు.

కూజాలబాబాయ్:
రేటెంత?

డొక్కలబండి:
అదే నా మూడో ప్రశ్న, ఎవరూ చెప్పలేదు.